నూనె కాని నూనె

మాటను నమ్ముకొని బ్రతుకువారము మేము. ఇరువది యేండ్లుగా పిల్లలకు పదములకు అర్థములు చెప్పుచు, పర్యాయపదములు వ్రాయించుచు కాలము గడుపుచున్నాము. అట్టి మమ్ము ఒక చిన్న మాట మోసపుచ్చి, మా ప్రాణములకే కాక మా కుమార్తె ప్రాణములకును ముప్పు తెచ్చినది. ఆ వృత్తాంతమును దాచుకొనుటకంటె మన పత్రిక చదువు విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును చెప్పుటయే మేలని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు మాకు విడిచిపోయిన వస్తువులలో 1978వ సంవత్సరపు అంబాసిడరు కారు ఒకటి. ఈ బండిని చూడని పిల్లలకు రెండు మాటలు చెప్పవలెను. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని మాదిరిగా గైకొని, పశ్చిమ వంగమునందలి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు 1950వ దశకపు చివర నుండి 2014వ సంవత్సరము వరకు దీనిని నిర్మించిరి. మంత్రులును, కలెక్టర్లును, అద్దెబండ్లవారును ఒకే తీరుగా ఎక్కి తిరిగిన బండి యిది. మేము సరిహద్దు దాటి తిరుపతిలో పండిత శిక్షణ పొందుచున్న దినములలో, సెలవులకు మమ్ము హోసూరు తీసికొనివచ్చుటకు తండ్రిగారు దీనిలోనే వచ్చెడివారు. ఆయన కాలము చేసిన పిదప నాలుగేండ్లు అది కొట్టములో దుమ్ము పట్టి యుండెను.

పదునైదేండ్లు దాటిన సొంతబండిని ఐదేండ్లకొకసారి పరీక్ష చేయించి నమోదును పొడిగించుకొనవలెను. ఆ గడువు సమీపించుచుండెను. అమ్మివేయుమని బంధువులు చెప్పిరి. మాకు మనసొప్పలేదు. ఇంటివద్దనే మేమే బాగుచేసికొందమని పూనుకొంటిమి.

ఇంజను సులభముగనే పలికెను. బ్రేకుల ద్రవముండు పాత్ర మూత తీసి చూడగా సగమునకు పైగా వెలితిగా నుండెను. దీనిని మన బజారులో అందరును ‘బ్రేకు ఆయిలు’ అందురు. ఆయిలనగా నూనె. ఇంజనులో పోయగా మిగిలిన అర లీటరు నూనె మా చేతిలోనే యున్నది. నూనెకు నూనె యని దానిని పోసితిమి. ఆ దినమున మాకు కలిగిన తృప్తి ఇంతంత కాదు.

వారము దినములు బండి చక్కగా నడచెను. పదియవ దినమున మా కుమార్తెతో కూడ డెంకణికోటలో ఒక వివాహమునకు పోయి తిరిగి వచ్చుచుంటిమి. త్రోవలో ఏదియో మాడుచున్న వాసన వచ్చెను. దిగి చూడగా చక్రములు చేయి పెట్టరానంత వేడిగా నుండెను. నీడన ఆపి, చల్లారిన పిదప మరల బయలుదేరితిమి. అచటనే నిలిచిపోవలసినది, నిలువకపోవుట మా రెండవ తప్పు. కొంత దూరము పోగా పల్లము వచ్చెను. బ్రేకు త్రొక్కితిమి. అది ఏమాత్రమును ఎదురుచెప్పక అడుగుపలకను తాకెను. మరల త్రొక్కితిమి. అదే విధము. మా ముందు పాలబిందెలు కట్టుకొని ఒకడు సైకిలుపై దిగుచుండెను. మా కుమార్తె “నాన్నా!” అని మా భుజము పట్టుకొనెను.

తండ్రిగారు ఎప్పుడో చెప్పిన మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. గేరును తగ్గించి రెండవదానికి దించితిమి. చేతిబ్రేకును కొద్దికొద్దిగా లాగితిమి. అది ద్రవముతో కాక ఇనుపతీగతో వెనుక చక్రములను పట్టునది కనుక పనిచేసెను. సైకిలువానిని తప్పించుకొని, రోడ్డు ప్రక్క మట్టికట్టకు ఒరసికొని బండి నిలిచెను. అతడు వెనుదిరిగి చూచి తన త్రోవను తాను పోయెను. మేము మాత్రము చాలసేపు దిగలేకపోతిమి.

బండిని త్రాటితో లాగించుకొని ఇల్లు చేరిన పిదప ఒక మెకానిక్కును పిలిపించితిమి. వచ్చినవాడు మా పూర్వవిద్యార్థి. బాగలూరు రోడ్డులో చిన్న షెడ్డు పెట్టుకొనియున్నాడు. మేము అతనిని గుర్తించుటకు ముందే అతడు మమ్ము గుర్తించి నమస్కరించెను. పాత్ర మూత తీసి, అందులో వ్రేలు ముంచి, బొటనవ్రేలితో రాచి, వాసన చూచెను.

“దీంట్లో ఏం పోసినారు సార్?”

చెప్పితిమి. అతడు నవ్వలేదు. నవ్వియున్న మాకు కొంత సులభముగా నుండెడిది.

“పేరే ఆయిలు సార్. అది ఆయిలు కాదు.”

తరువాత అతడు వివరించినది ఇది. బ్రేకులో పోయు ద్రవము గ్లైకాలు జాతికి చెందినది, రాతినూనె కాదు. మాస్టరు సిలిండరులోను, చక్రముల సిలిండరులలోను ఉండు రబ్బరు గిన్నెలు ఆ ద్రవమునకు తగినట్లు చేయబడినవి. వానికి రాతినూనె సోకిన యెడల అవి ఉబ్బి మెత్తబడును. ఉబ్బిన గిన్నె ద్రవము వెనుకకు మరలు సన్నని రంధ్రమును మూసివేయును. అంతట త్రొక్కుడు వదలినను బ్రేకు వదలదు, చక్రము కాగును. తుదకు ఆ గిన్నె పట్టు తప్పి ద్రవమును నిలుపలేకపోవును. అతడు మా బండినుండి తీసిన గిన్నెను క్రొత్తదాని ప్రక్కన పెట్టి చూపెను. నానిన సెనగగింజకును ఎండు గింజకును గల భేదమే వానికిని కలదు.

“కడిగితే పోదా?” అని అడిగితిమి.

“పోదు సార్. రబ్బరున్నవన్నీ మార్చాల్సిందే. షెడ్డుకు తెస్తే నేనే చేసేస్తా. మీరు నేర్చుకోవాలంటే ఆదివారాలు నేనే ఇక్కడికి వస్తా.”

నేర్చుకొందుమంటిమి. నాలుగు ఆదివారములు అతడు గురువు, మేము శిష్యులము.

మొదటి ఆదివారమున అతడు చెప్పిన మొదటి పాఠము పనిముట్లను గూర్చినది కాదు, ప్రాణమును గూర్చినది. కేవలము జాకీపై నిలిచిన బండి క్రిందికి ఎన్నడును దూరరాదు. నేల చదునుగా నుండవలెను. లేపని చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. గట్టి స్టాండ్లపై బండిని దించిన పిదపనే చేయి చాపవలెను. డ్రమ్ములు ఊడదీసినప్పుడు లోపల నల్లని పొడి యుండెను. మేము ఊదబోగా అతడు మా చేయి పట్టి ఆపెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. దానిని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేసితిమి.

తరువాత రబ్బరు గిన్నెలును, చక్రములకు పోవు రబ్బరు గొట్టములును అన్నియు మార్చితిమి. ఇనుప గొట్టములను స్పిరిటుతో కడిగి ఆరబెట్టితిమి.

రెండవ ఆదివారమున వెనుక కమానుల పని. ఒకదానిపై నొకటి పేర్చిన ఉక్కుపట్టీల కట్టను మన మెకానిక్కులు కమాను కట్ట అందురు. కమాననగా విల్లు, పారసీకమునుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన మాట. ఇరుసుపై బండి బరువును మోయుచు, గుంట వచ్చినప్పుడు వంగి, దాటగానే లేచుట దాని పని. మా బండికి ఎడమప్రక్క రెండవ పట్టీ విరిగియుండెను. ఒక్కప్రక్కనే క్రొత్తది వేసిన బండి ఒరగునని చెప్పి, అతడు రెండు కట్టలను విప్పించి, కమాను పనివానివద్ద వంపు సరిచేయించి తెచ్చెను. బిగించు వేళ అతడు మా కుమార్తెతో, “ఆ కందెన డబ్బా ఇట్ల ఇయ్యమ్మా” అనెను.

మేము ఉలికిపడితిమి. గ్రీజును కందెన యందురని నిఘంటువు చూచి పిల్లలకు చెప్పినవారమే కాని, ఒకని నోట పనిలో భాగముగా ఆ మాట వినుట అదియే మొదలు. వాని తాతకు ఎద్దులబండి యుండెనట. ఇరుసు, కుందు, సీల, కందెన అను మాటలన్నియు అతనికి తాతనుండి వచ్చినవి.

మూడవ ఆదివారమున ముందుభాగము. అంబాసిడరుకు ముందు చక్రములవద్ద కమానులు లేవు. పొడవైన ఉక్కుకడ్డీలు మెలితిరిగి బరువును ఆపును. విప్పుటకు ముందు అతడు వానిపై రంగుతో ఎడమ, కుడి అని గుర్తుపెట్టెను. ఏండ్ల తరబడి ఒక వైపునకే మెలితిరిగిన కడ్డీని రెండవ ప్రక్కకు మార్చిన యెడల అది విరుగవచ్చునట. మరియొక సంగతి. రబ్బరు బుష్షులుగల మరలను బండి గాలిలో వ్రేలాడుచుండగా బిగింపరాదు. చక్రములు నేలనానిన పిదప, బండి తన బరువును తాను మోయుచుండగా తుదిసారి బిగింపవలెను. లేనిచో రబ్బరు ఎల్లప్పుడును మెలిపడియే యుండి త్వరలో చినిగిపోవును.

కొలతలు చూచుకొనుటకు అతడు జేబునుండి ఒక పుస్తకము తీసెను. నూనె మరకలతో అట్ట నల్లబడియుండెను. తొంగిచూచితిమి. అన్నియు తెలుగక్షరములు. ఇంగ్లీషు పేర్లు, తమిళమున పనివాండ్రు వాడు పేర్లు, ఉర్దూ మాటలు, కొలతలు, ఎవరి బండికి ఎప్పుడు ఏమి మార్చెనో ఆ లెక్క, సమస్తము మా బడిలో దిద్దిన ఆ గుండ్రని వ్రాతలోనే యున్నవి. “నాకు గట్టిగా వచ్చిన అక్షరాలు ఇవే గదా సార్” అనెను.

మేము తల వంచుకొంటిమి. ఆ పిల్లవాడు తొమ్మిదవ తరగతిలో ఛందస్సు పాఠమున తప్పినప్పుడు, వాని తండ్రిని పిలిపించి, వీనికి చదువు అబ్బదు, ఏదైన పనిలో పెట్టుమని చెప్పినది మేమే. ఆ మాటను జ్ఞప్తి చేసి, మేము తొందరపడితిమని ఒప్పుకొంటిమి. అతడు పానా ప్రక్కన పెట్టి కొంతసేపు ఊరకుండెను.

“నేను పది పరీక్ష రాద్దామనే అనుకున్నా సార్. మీరు చెప్పింది మా నాయన నమ్మినాడు.”

అంతకుమించి అతడు ఏమియు అనలేదు. మరల పనిలో పడెను. మేము చదివిన చదువంతయు ఒకచోట చేర్చినను ఆ మాటకు ఉత్తరము దొరకలేదు.

నాలుగవ ఆదివారమున క్రొత్త ద్రవము పోసి గొట్టములలోని గాలిని వెడలించితిమి. మూయబడిన ద్రవముపై ఒకచోట కలిగిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని పాస్కలు నియమమును మీరు చదివియుందురు. పాదము ఒక సిలిండరును నొక్కగా నాలుగు చక్రములును ఆగుటకు అదియే కారణము. కాని గాలి నొక్కుకొనిపోవును. గొట్టములో బుడగ యున్న పాదపు బలము దానిని నొక్కుటకే సరిపోవును. అందువలన మాస్టరు సిలిండరునకు దూరపు చక్రమునుండి మొదలిడి పని జరిపితిమి. మా కుమార్తె త్రొక్కును. అతడు చక్రమువద్ద మర విప్పి, బుడగలు పోగానే బిగించును. “త్రొక్కు! పట్టు! వదులు!” అను కేక మా వీధియంతయు వినవచ్చెను. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినకొలది తక్కువ వేడికే మరుగును. కనుక రెండేండ్లకొకసారి మార్చుట మంచిది. మూడవ రకపు ద్రవము క్రొత్తదిగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీల వరకును, తేమ చేరిన పిదప 140 డిగ్రీల వరకును మరుగక నిలువవలెనని ప్రమాణము.

పరీక్షనాడు బండి నెగ్గెను. కూలి యియ్యబోగా అతడు రబ్బరు సామానుల వెల మాత్రము తీసికొని, వెళ్లబోవుచు గుమ్మమువద్ద నిలిచెను.

“మా పాపకు ఆరో ఏడు వచ్చింది సార్. మన బడిలో చేర్చేదా, ఇంగ్లీషు బడిలో చేర్చేదా?”

మునుపైనచో 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణమును గూర్చియు, మాతృభాషా మహిమను గూర్చియు దీర్ఘముగా ఉపన్యసించియుందుము. ఆ దినమున నోరు రాలేదు. పిల్ల ఇంటిలో ఏ భాషలో “ఇది ఎందుకు?” అని అడుగునో ఆ భాషలో మొదట ఉత్తరము వినుట మేలని మాత్రము చెప్పితిమి. ఈ రాష్ట్రమున బ్రతుకుటకు తమిళము, వెలుపలికి పోవుటకు ఇంగ్లీషు, రెండును బాగుగా రావలెననియు, అవి రాకున్న మమ్ము వచ్చి నిలదీయుమనియు చెప్పితిమి. తరువాత మరియొక మాట చేర్చితిమి: “ఆమెకు చదువు అబ్బదని మాత్రము మా నోట నీవు వినవు.”

ఆలోచించి చెప్పెదనని అతడు వెడలెను. ఇంకను చెప్పలేదు. అయినను వచ్చు మాసమున మన తొమ్మిదవ తరగతికి వచ్చి, ఆ ఉబ్బిన రబ్బరు గిన్నెను చూపి పాఠము చెప్పుటకు ఒప్పుకొనెను. విద్యార్థులారా, ఆ దినమున మీరు ప్రశ్నలడుగుడు. మేమును వెనుక బల్లపై కూర్చుండి విందుము.