ఓడ దిగి ఎఫెసుకు

మా బరంపురంలో ఓడ ప్రయాణమనగానే పెద్దవాళ్ళకు రంగూను గుర్తుకు వస్తుంది. గోపాలపురం రేవులో ఎక్కి, డెక్కుమీద చాపలు పరచుకొని, వెంట అటుకులూ బెల్లమూ కట్టుకొని పోయినవారి మనుమలము మేము. అటువంటి మేము 2024 మే నెలలో, ఏథెన్సు పక్కనున్న పిరేయస్ రేవులో, లిఫ్టులూ ఈతకొలనులూ ఉన్న ఓడ ఒకటి ఎక్కాము. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా పిల్లలు టిక్కెట్లు కొని పంపారు. దంపతులమిద్దరమే పోదామనుకొన్నాము గాని, డెబ్బైనాలుగేళ్ళ మా పెద్దమ్మ, "నేనెందుకు రాకూడదూ?" అన్నది. దానికి జవాబు లేకపోయింది.

ఈ ఓడల పద్ధతి తెలియనివారికి కొంచెం చెప్పాలి. రాత్రి ఓడ నడుస్తుంది, పగలు ఏదో ఒక రేవులో నిలుస్తుంది. పొద్దున దిగినవారు సాయంత్రానికి ఎక్కాలి. ఊళ్ళు చూపడానికి ఓడవారే బస్సులనూ గైడులనూ కుదురుస్తారు. దానికి రుసుము వేరు. సొంతంగా టాక్సీ మాట్లాడుకొంటే ఖర్చు తగ్గుతుంది గాని అందులో ఒక తిరకాసు ఉన్నది. ఓడవారి బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా పోయినవారు ఆలస్యమైతే ఆగదు. తరువాతి రేవుకు వారి తిప్పలు వారు పడవలసిందే. మేము భయస్థులము కనుక బస్సుకే డబ్బు కట్టాము.

మూడోనాటి ఉదయం ఓడ టర్కీ దేశంలో కుషాదసి రేవుకు చేరింది. అక్కడికి 20 కిలోమీటర్ల లోపునే ఎఫెసు. తెలుగు బైబిలు చదివినవారికి ఈ పేరు పరిచితమే. ఓడలోని నాటకశాలలో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, చొక్కాలకు 17వ నంబరు చీటీలు అంటించారు. పెద్దమ్మ తన చీటీని చీర కుచ్చెళ్ళకు అంటించుకొన్నది. చెవికి తగిలించుకోను తలా ఒక చిన్న యంత్రం ఇచ్చారు. గైడు ఎంత దూరాన ఉన్నా ఆమె మాట మన చెవిలోనే ఉంటుంది. ఆమె 17 అంకె వేసిన అట్టను పైకెత్తి నడిచేది, మేము తీర్థంలో పిల్లలలాగా ఆ అట్టనే చూసుకొంటూ వెంట పోయేవాళ్ళము.

మొదట కొండమీది మరియమ్మ ఇంటికి తీసుకొని పోయారు. ఏసుక్రీస్తు తల్లి చివరి రోజులు ఇక్కడనే గడిపిందని చాలామంది నమ్మకం. 1891లో ఈ రాతి ఇంటిని గుర్తించారు. 1967లో ఆరవ పౌలు పోపుగారు వచ్చి చూచారు. ముసల్మానులూ వచ్చి దండం పెట్టుకొంటారు. బయట గోడ పొడుగునా మొక్కుల గుడ్డపేలికలూ కాగితాలూ కట్టి ఉన్నాయి. పెద్దమ్మ కుళాయి నీళ్ళు తాగి, "మనవాళ్ళూ చెట్టుకు ఇలాగే కడతారు" అన్నది. అంతలో 17వ అట్ట పైకి లేచింది.

ఎఫెసు శిథిలాలలోకి ఎగువ వాకిటినుండి దింపి, దిగువ వాకిట బస్సు ఎక్కిస్తారు. గంటన్నర వ్యవధి. పాలరాతి బాట అరిగి నునుపెక్కి ఉన్నది. పెద్దమ్మ చేతికర్ర జారుతుందేమోనని చెరో పక్కా పట్టుకొని నడిచాము. దారి చివర సెల్సస్ గ్రంథాలయం. కొడుకు తండ్రి పేర కట్టించినది, తండ్రి సమాధి దాని కిందనే ఉన్నది. ఇప్పుడు మనం ఫోటోలలో చూచే ముఖభాగాన్ని 1970-78 మధ్య పడిన రాళ్ళు ఏరి తిరిగి నిలబెట్టారు. అక్కడ ఎంత జనమంటే, ఫోటో తీసుకోవడానికి కూడా వరుస. ఆ తరువాత నాటకశాల, దాదాపు 25 వేలమంది కూర్చోదగినది. అమ్మవారికి వెండి గుళ్ళు చేసి అమ్ముకొనే దేమేత్రి అనే కంసాలి, పౌలు బోధవల్ల తమ వృత్తి దెబ్బతింటున్నదని జనాన్ని రెచ్చగొడితే, అందరూ ఇక్కడ చేరి రెండు గంటలసేపు అమ్మవారి పేర కేకలు వేశారని బైబిలు చెబుతుంది. నాటకశాల ఎదుటినుండి ఒక వెడల్పాటి వీధి తిన్నగా రేవుకు పోతుంది. కాని రేవులేదు. ఏటి ఒండ్రు మేటవేసి సముద్రం కొన్ని కిలోమీటర్లు వెనక్కు పోయింది. యానాం పాఠకులకు పక్కనున్న కోరంగి రేవు సంగతి తెలుసును గనుక ఇంతకన్న చెప్పనక్కరలేదు.

ఆ నాటకశాల దగ్గరనే గైడు చెప్పిన ఒక కథ మా రోజంతా మార్చివేసింది. ఎఫెసు అమ్మవారు అర్తెమిదేవి. ఆమె గుడి ప్రపంచంలోని ఏడు వింతలలో ఒకటి. క్రీస్తుకు పూర్వం 356లో ఒకడు పేరు కోసం దానికి నిప్పుపెట్టాడు. మళ్ళీ ఇంకా ఘనంగా కట్టారు. కాలక్రమాన అదీ పోయి, ఎక్కడ ఉండేదో కూడ జనం మరచిపోయారు. 1863లో ఉడ్ అనే ఇంగ్లీషువాడు, రైలు స్టేషన్ల పనిమీద ఆ దేశం వచ్చినవాడు, గుడికోసం తవ్వడం మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచినా గుడి జాడలేదు. 1866లో ఈ నాటకశాలలోనే ఒక శాసనం దొరికింది. క్రీ.శ. 104లో సాలుటారిస్ అనే ధనికుడు బంగారు, వెండి విగ్రహాలు చేయించి, వాటిని గుడినుండి ఏ వాకిట ఊళ్ళోకి తేవాలో, ఏ వాకిట తిరిగి తీసుకుపోవాలో అందులో రాయించాడు. ఆ ఊరేగింపు దారి పట్టుకొని పోయి, 1869 డిసెంబరు ఆఖరున ఉడ్ గుడి నేలను కనుగొన్నాడు, ఇరవై అడుగుల మట్టి కింద.

పెద్దమ్మకు ఇదంతా తెలుగులో చెప్పాము. రెండేళ్ళకొకసారి బరంపురంలో బూఢీ ఠాకురాణి గుడి వదలి పుట్టింటికి వస్తే, అన్ని రాత్రులూ ఘటాల వెంట తిరిగిన మనిషి ఆమె. ఆగి విన్నది. "అయితే మనం పొద్దుటినుంచీ నడిచింది ఆవిడ ఊరేగిన దారేనా?" అన్నది. చాలావరకు అదేనన్నాము. "మరి ఆవిడ గుడి ఏదీ?"

గైడును అడిగాము. అది నేటి కార్యక్రమంలో లేదనీ, అక్కడ చూడడానికి ఒక్క స్తంభం తప్ప ఏమీ లేదనీ ఆమె మర్యాదగానే చెప్పింది. కార్యక్రమంలో ఉన్నది తివాచీల దుకాణం.

దుకాణంలో ఆపిలు తేనీరు ఇచ్చి, తివాచీ తరువాత తివాచీ మా కాళ్ళముందు దొర్లించారు. పట్టునేత ఊరివాళ్ళము, పనితనం మెచ్చుకోకుండా ఉండలేకపోయాము. కాని పెద్దమ్మ తివాచీలను చూడనేలేదు. "ఎంత దూరమట?" అన్నది. టాక్సీలో అయిదు నిమిషాలట. గుంపును విడిచి పోయేవాళ్ళు తమంత తామే పోతున్నట్టు కాగితం మీద సంతకం చేయాలి. ఆపైన ఓడ మాకోసం ఆగదు. ఓడ ఎక్కవలసిన గడువు నాలుగున్నర, అప్పుడు రెండున్నర. మాలో ఒకరు వద్దన్నారు, ఒకరు పోదామన్నారు. ఎవరు ఏమన్నారో ఇక్కడ రాయడం బాగుండదు. పెద్దమ్మ అప్పటికే చేతికర్ర తీసుకొని లేచింది. సంతకం చేశాము.

గైడు చెప్పినది అబద్ధం కాదు. బురద నీళ్ళూ రెల్లూ ఉన్న పల్లపు నేల. నూటికి పైగా స్తంభాలు నిలిచిన చోట, దొరికిన ముక్కలను పేర్చి నిలబెట్టినది ఒక్కటే. దాని తలమీద కొంగ గూడు. గూటిలో కొంగ నిలబడి ఉన్నది. కింద బాతులు. టిక్కెట్టు అడిగినవారు లేరు. వెనకగా చూస్తే 1375లో కట్టిన ఈసాబే మసీదు, దానిపైన గుట్టమీద యోహాను సమాధిపై కట్టిన దేవాలయపు గోడలు, అన్నీ ఒక్క చూపులో అందుతాయి.

పెద్దమ్మ చెప్పులు విడిచి గట్టుమీద నిలబడింది. కొంగులో ఠాకురాణి కుంకుమ పొట్లం ఉన్నది. తీసి, పురావస్తు శాఖవారి స్థలంలో చల్లకూడదేమోనని మమ్మల్ని అడిగింది. కూడదన్నాము. అయితే సరేనని తన నుదుటనే పెట్టుకొని, దండం పెట్టి, "ఊరేగించేవాళ్ళు లేరు పాపం" అన్నది. ఇంకొంచెంసేపు ఊరుకొని, "కొంగ ఉన్నదిలే" అన్నది. మేము గడియారం చూచుకొన్నాము. పావుగంట అయింది. ఆమె కదలలేదు. మరి పావుగంట నిలబడ్డాము, తొందర పెట్టకుండా.

రేవుదాకా టాక్సీలో ఎవరమూ మాట్లాడలేదు. ఓడ పొగగొట్టం కనిపించాక గాని ఊపిరి ఆడలేదు. మూడూ నలభైకి ఓడ ఎక్కి డెక్కుమీద కూర్చున్నాము. అయిదు కావస్తుండగా, గడువు దాటి అరగంటకు, 17వ నంబరు బస్సు వచ్చింది. చుట్టచుట్టిన తివాచీలు ఎత్తుకొని పరుగెత్తుకొస్తున్నవారిని, పెద్దమ్మ పైనుండి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది.