వియ్యానికైనా కయ్యానికైనా

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలని మన పెద్దల మాట. ఆ మాట అన్నవాళ్లు కంప్యూటరు మొఖం చూసినవాళ్లు కారు. అయినా ఇంటర్నెట్ లోపలి సంగతిని ఇంత పొట్టిగా చెప్పిన వాక్యం నా బి.యస్సీ. పుస్తకాల్లో నాకింతవరకు తగల్లేదు. కథలకూ కవితలకూ నడుమ ఈ తీగల ముచ్చట ఏమిటని మిత్రులు విసుక్కోరనే ధైర్యంతో నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇంటర్నెట్ అంటే ఎక్కడో ఉన్న ఒక మహాయంత్రమని చాలామంది అనుకుంటారు. కాదు. వేర్వేరు యజమానులున్న 70 వేలకు పైగా నెట్‌వర్కులు కలిసి నడుపుతున్న వ్యవహారమది. ఫోను కంపెనీలు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు, గూగుల్ వంటి పెద్ద సంస్థలు, ఎవరి నెట్‌వర్కు వాళ్లది. పొలాలకు సర్వే నంబర్లున్నట్టే వీటికీ ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది. అయితే అన్నింటి మీదా పెత్తనం చేసే దొర మాత్రం లేడు. మరి దొర లేని ఊళ్లో ఒకరి పొలంలోంచి ఇంకొకరి పొలానికి బాట ఎవరిస్తారు? ఎందుకిస్తారు? నా ప్రశ్న ఇదే.

మాది రఘునాథపల్లి. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. వరి, పత్తి మా బతుకు. కిందటి వానాకాలం మా బాపు పత్తి ఆకు మీద మచ్చలు చూసి ఫోటో తీశాడు. గట్టవతల పొలంలోనే ఉన్న కాకకు ఫోనులో పంపాడు. ఇద్దరి ఫోన్లూ రెండు వేర్వేరు కంపెనీలవి. ఆ ఫోటో గట్టు దాటి పోలేదు. ముందు టవరెక్కి, నేలలోని గాజు తీగ పట్టుకుని దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నం చేరి, అక్కడినించి ఆ మెసేజి కంపెనీ యంత్రాలు ఎక్కడుంటే అక్కడికి పోయి, మళ్లీ రెండో కంపెనీ బాటన తిరిగొచ్చి కాక ఫోన్లో పడింది. ఈ సంగతి చెప్తే బాపు నవ్వి, "గట్టవతలోనికి చూపెట్టడానికి పట్నందాక పోయి రావాల్నా బిడ్డా?" అన్నాడు.

రావాల్సిందే. ఎందుకంటే రెండు నెట్‌వర్కులు ఎక్కడ చేతులు కలుపుతాయో అక్కడే మాట దాటుతుంది. ఆ చేతులు కలపడం రెండు రకాలు.

మొదటిది కిరాయి బాట. చిన్న నెట్‌వర్కు ఒక పెద్ద నెట్‌వర్కుకు నెలనెలా డబ్బు కడుతుంది. "నన్ను లోకంలో ఎక్కడికైనా చేర్చు" అంటుంది. దీన్ని ట్రాన్సిట్ అంటారు. రెండోది ఇచ్చిపుచ్చుకునే బాట. "నీ వాళ్లు నా దగ్గరికి, నా వాళ్లు నీ దగ్గరికి నేరుగా వద్దాం, పైసలొద్దు" అని ఇద్దరు అనుకోవడం. దీని పేరు పీరింగ్. పీర్ అంటే ఇంగ్లీషులో సమవుజ్జీయే.

ఇందులో ఒక షరతు ఉంది. అది రైతుబిడ్డలకు చప్పున అర్థమవుతుంది. పక్క పొలమాయన మన గట్టు మీంచి మన పొలానికీ, మన మీద ఆధారపడ్డ వాళ్ల పొలాలకూ రావచ్చు. అంతే. మన గట్టు మీంచి ముక్కూమొహం తెలియని మూడో ఆయన చేను దాకా పోతానంటే ఒప్పుకోం. అట్లా పోవాలంటే కిరాయి కట్టాలి. నెట్‌వర్కులూ అంతే. ఎవరి బాట ఎందాకా పోతుందో ఒకరికొకరు చెప్పుకునే భాషకు బార్డర్ గేట్‌వే ప్రోటోకాల్ అని పేరు. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన ఒక ఇంజనీర్ల సమావేశంలో కిర్క్ లోహీడ్, యాకోవ్ రెక్టర్ భోజనాల దగ్గర కాగితపు రుమాళ్ల మీద దాని నమూనా గీశారు. ఆ రుమాళ్ల మీది గీతలు పెరిగి పెద్దవై ఇవాళ్టికీ లోకాన్నంతా కలుపుతున్నాయి.

పైసలు తీసుకోకుండా బాట ఎందుకిస్తారు? ధర్మగుణం వల్ల కాదు, లెక్క కుదిరినందువల్ల. ఇద్దరూ పైవాడికి కిరాయి కట్టి ఒకరి దగ్గరికి ఒకరు పోతే ఇద్దరి జేబులూ ఖాళీ. నేరుగా కలిస్తే ఇద్దరికీ మిగులు. 1991లో అమెరికాలో మూడు కంపెనీలు కలిసి మొదటి వ్యాపార ఎక్స్చేంజి పెట్టుకున్నప్పుడు, ఎవరు ఎంత పంపారో కొలవనే వద్దనుకున్నాయి. కొలిచే ఖర్చు కూడా మిగిలింది.

కాలం కూడా కలిసొస్తుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మా ఊరినించి పట్నం పోయి రావడానికి ఒక మిల్లీసెకను చాలు. అదే అమెరికా పోయి రావాలంటే ఎంత తక్కువ లెక్క వేసినా అంతకు నూరు రెట్లు దాటుతుంది.

అమెరికా ప్రసక్తి వట్టిగా తేలేదు. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. 1998లో ప్రైవేటు కంపెనీలకూ దారి తెరిచారు. కంపెనీలు పుట్టాయి గాని, తమలో తాము కలవలేదు. అందరూ విదేశాల వాళ్లకే కిరాయి కట్టారు. దాంతో ఈ కంపెనీ మనిషి అదే నగరంలో ఉన్న ఆ కంపెనీ మనిషికి ఉత్తరం పంపినా అది చాలాసార్లు సముద్రాలు దాటి తిరిగి వచ్చేది. లండన్‌లోనూ ఇదే అవస్థ ఉండబట్టే 1994లో అక్కడి కంపెనీలు ఒక ఎక్స్చేంజి కట్టుకున్నాయి. మన దగ్గర 2003 జూన్‌లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా, పొట్టిగా నిక్సీ, లాభాపేక్ష లేని సంస్థగా వెలిసింది. నోయిడా, ముంబై, చెన్నై, కోల్‌కతాలతో మొదలై తర్వాత హైదరాబాదుకూ వచ్చింది.

ఎక్స్చేంజి అంటే మరేం లేదు, అంగడే. ఇరవై ఊళ్ల వాళ్లు ఒకరి ఊరికి ఒకరు బాట వేసుకోవాలంటే 190 బాటలు కావాలి. అందరూ ఒక్క అంగడికి వస్తే 20 బాటలు చాలు. ఒక గది, అందులో ఒక స్విచ్చి, అందరి తీగలూ దానికే. చిన్నవాడూ పెద్దవాడూ ఒకే చూరు కింద నిలబడతారు.

నిలబడ్డంత మాత్రాన అందరూ చేయి కలుపుతారని కాదు. నిక్సీలో మొదటి ఏళ్లలో ఒక నియమం ఉండేది. పంపినదాని కంటే ఎక్కువ తెప్పించుకున్నవాడు, ఎక్స్ మైనస్ వై లెక్కన, ఆ తేడాకు డబ్బు కట్టాలి. అడిగినవాడే కట్టాలనడం న్యాయంగానే కనిపిస్తుంది. కాని ఇళ్లకు కనెక్షన్లిచ్చే వాళ్లకు దిగుమతే ఎక్కువ గనక వాళ్లకది భారమైంది. అంగడి పెట్టడం ఎంత అవసరమో, అంగడి పన్ను ఎవరి మీద పడుతుందో చూడటమూ అంతే అవసరమని మార్కెట్ యార్డులో నిలబడ్డ ప్రతి రైతుకూ తెలుసు.

ఇక నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన సంగతి. 2011లో ప్యాకెట్ క్లియరింగ్ హౌస్ అనే సంస్థ 96 దేశాల్లోని 1,42,210 పీరింగ్ ఒప్పందాలను పరిశీలించింది. వాటిలో 99.5 శాతం కాగితం మీద లేవు. వట్టి నోటిమాట, చేతిలో చేయి. 2016లో మళ్లీ చూస్తే ఒప్పందాలు 19 లక్షలు దాటాయి, నోటిమాటవి 99.93 శాతమయ్యాయి. స్టాంపు కాగితం లేనిదే పావలా నమ్మని ఈ కాలంలో ఇంత పెద్ద లోకం మాట మీద నిలబడిందంటే, చదివినప్పుడు నా గుండె పొంగింది.

కాని నా పొంగు ఎక్కువసేపు నిలవలేదు. కారణం మా ఇంట్లోనే ఉంది.

మా చేనుకు తూర్పున ఇంకొకరి చెలక ఉండేది. రెండు తరాలుగా మా బండి వాళ్ల గట్టు మీంచి పోయేది, వాళ్ల కాలువ మా మడి పక్కనించి పారేది. కాగితం లేదు, సాక్షి లేడు. మూడేళ్ల కింద ఆ చెలక అమ్ముడుపోయింది. కొన్నాయన కడీలు పాతి ముళ్లతీగ చుట్టాడు. బాపు పోయి అడిగితే, "బాట రికార్డుల ఉన్నదా?" అన్నాడు. లేదు. ఆయన తప్పు మాట్లాడాడని కూడా అనలేను. ఆయనకు మా కాలువతో పని లేదు, మాతో పని లేదు. అప్పటినించి పత్తి బస్తాలు చుట్టు తిరిగి పోతున్నాయి. ట్రాక్టరు కిరాయి ఏటేటా పెరుగుతోంది.

నెట్‌వర్కుల లోకంలోనూ ముళ్లతీగలు ఉన్నాయి. 2005 అక్టోబరు 5న లెవెల్ 3 అనే కంపెనీ, తనతో సమానంగా బరువు మోయడం లేదంటూ కోజెంట్ అనే కంపెనీతో పీరింగ్ తెంచేసింది. ఒక్క కిరాయి బాట మీదే ఆధారపడ్డ రెండువైపుల వాడకందార్లకు అవతలి వైపు కనిపించకుండా పోయింది. కొన్నాళ్లకు మళ్లీ కలిశారు. ఎవరో జడ్జి చెప్పినందుకు కాదు, ఇద్దరి వాడకందార్లూ మొత్తుకున్నందుకు.

కాబట్టి మాటను నిలబెట్టేది కాగితమూ కాదు, మంచితనమూ కాదు. తెంచుకుంటే ఇద్దరికీ నష్టం ఉండటమే. పాత పొరుగాయనకు ఎకరాలు మాకన్నా ఎక్కువ. అయినా మా కాలువ ఆయనకు కావాలి గనక మేము సమవుజ్జీలం. కొత్తాయన ముందు మేము చిన్నవాళ్లమైపోయింది భూమి తగ్గి కాదు, మాతో అవసరం లేకపోయి. సమవుజ్జీ అంటే ఆస్తిలో సమానం కాదు, అవసరంలో సమానం.

ఈ వెలుగులో మన ప్రాంతాన్ని చూడండి. మా ఊళ్లో కాజీపేట–సికింద్రాబాదు రైలు లైను ఉంది, స్టేషనూ ఉంది. చాలా ఎక్స్‌ప్రెస్ బండ్లు ఆగకుండా పోతాయి. పట్టాల పక్కన నేలలో గాజు తీగ వేసి నడపడానికి 2000లో రైల్‌టెల్ సంస్థ పుట్టింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే తీగ గొట్టాలు కూడా వేయాలని టి-ఫైబర్ సంకల్పించింది. తీగలు వస్తున్నాయి, సంతోషం. కాని తీగ రావడం వేరు, కలవడం వేరు. మన ఇంటి ముందు నించి పోయే బాట మనది కాదు. హనుమకొండలో ఇన్ని కాలేజీలు, ఆస్పత్రులు, కేబుల్ ఆపరేటర్లు ఉన్నారు. పట్నం దారిలో ఏ జేసీబీయో తీగ తెంపితే, సుబేదారి మాట కాజీపేటకు చేరకుండా ఆగిపోయే గతి ఎందుకు పట్టాలి? ఇచ్చిపుచ్చుకోవడానికి మన దగ్గర సరుకు ఉంది: పాఠాలు, ఎక్స్‌రే చిత్రాలు, మార్కెట్ ధరలు, పత్తి ఆకు ఫోటోలు. ఒకరికొకరు అవసరమైన వాళ్లు దగ్గర్లో కలిసే చోటు ఏర్పరచుకుంటే, పట్నంతో బేరమాడటానికీ బలం వస్తుంది.

ఈ కాలేజీనించి మనలో కొందరు ఉద్యోగాలకు పోయి పెద్ద కంపెనీల తీగలు కాపలా కాస్తారు. మంచిదే. ఒకరిద్దరైనా రెండు చిన్న తీగలను ఒకచోట కలిపే పని నేర్చుకోవాలని నా కోరిక. నేనైతే ఈ సెలవుల్లో నేర్చుకోవడం మొదలుపెడుతున్నాను. తోడు వచ్చేవాళ్లుంటే ఫిజిక్స్ ల్యాబు దగ్గర కలవండి.