టిక్కెట్టు వెనక ఫైలు

గౌతమీ గోదావరి మా యానాం దాటి కొన్ని మైళ్ళు పోయి సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గరా, కాకినాడ అఖాతంలోనూ డాల్ఫిన్లు తిరుగుతాయని వేటకు పోయే వాళ్ళందరికీ తెలుసు. ఫ్రెంచి భాషలో దీన్ని దోఫాఁ అంటారు. పూర్వం ఫ్రాన్సు రాజుగారి పెద్దకొడుకు బిరుదు కూడా అదే. రాజ్యం పోయిన యువరాజులు చరిత్రలో చాలామంది ఉన్నారు. ఈ యువరాజుకు మాత్రం సముద్రమే పోతోంది.

గల్ఫులో ఉన్న మా బావగారు మొన్న సంక్రాంతికి వచ్చి, "సెలవులకు దుబాయి రండి, పిల్లలకు డాల్ఫిన్ల ఆట చూపిస్తాను, టిక్కెట్లు నావి" అన్నారు. పిల్లలు ఎగిరి గంతేశారు. మేము గుమాస్తా ఉద్యోగం చేసుకునేవాళ్ళం. ఏ కాగితం చేతికొచ్చినా దాని వెనక ఫైలు వెతకడం అలవాటు. ఈ ఆటకూ ఫైలు వెతికాము.

1964 నుండి 1967 దాకా అమెరికా టెలివిజనులో ఫ్లిప్పర్ అనే డాల్ఫిను కథ వచ్చింది. దానితో డాల్ఫిన్ల ఆటలకు లోకమంతటా గిరాకీ పెరిగింది. ఆ డాల్ఫిన్లకు ఆట నేర్పినవాడు రిక్ ఓబెర్రీ. వాటిలో కేథీ అనేది 1970లో ఆయన చేతుల్లోనే కన్నుమూసింది. ఆనాటి నుండి ఆయన, పట్టిన చేతులతోనే విడిపించే పనికి పూనుకున్నాడు.

జపానులో తాయిజీ అనే రేవు ఉంది. డాల్ఫినుకు చెవులే కళ్ళు. పడవలవాళ్ళు పొడవాటి ఇనుప గొట్టాలు నీటిలో దించి సుత్తులతో మోదుతారు. ఆ మోతకు బెదిరి మందకు మంద ఒక చిన్న కయ్యలోకి పోతుంది. చూడ ముచ్చటైనవాటిని ఆటశాలల వాళ్ళు కొనుక్కుంటారు. మిగిలినవాటిలో చాలావాటిని మాంసానికి చంపుతారు. 2009లో వచ్చిన "ది కోవ్" అనే చిత్రం దీన్ని లోకానికి చూపింది. 2015లో జపాను జంతుశాలల సంఘం, తాయిజీలో అలా పట్టినవాటిని తన సభ్యులు కొనరాదని తీర్మానించింది. కేకలు వేస్తే ఏమవుతుందనే వారికి ఇదే జవాబు.

మన దేశమూ ఈ సరదా చూసింది. 1998లో బల్గేరియా నుండి మద్రాసుకు తెచ్చిన డాల్ఫిన్లు ఏడాది తిరగకుండానే పోయాయి. మళ్ళీ కొచ్చి మొదలైన చోట్ల ఆటశాలలు కడతామంటే జంతుప్రేమికులు ఊరుకోలేదు. 2013 మే నెలలో కేంద్రప్రభుత్వం అటువంటివాటికి అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు వ్రాసింది.

ఇదంతా విని మా అత్తయ్యగారు, "గుడి ఏనుగును చూసి దణ్ణం పెట్టే మనకు డాల్ఫిను మీదే దయ పుట్టిందా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక గొలుసు ఉన్నంతమాత్రాన రెండో గొలుసుకు డబ్బివ్వాలా అన్నది మా జవాబు. దుబాయి వెళదామనీ, ఆ ఆట మాత్రం వద్దనీ ఇంట్లో తేలింది. చిన్నవాడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

అయితే టిక్కెట్టు మానడం తేలిక. మా రేవులో మాకు తెలిసిన వేటగాడు ఒకమాట అన్నాడు: "బాబూ, మీరు మానింది సరదా. నేను కొయ్యాల్సింది వల. ఆ వల మీద ఇంకా అప్పుంది." డాల్ఫిను చేప కాదు. పైకి వచ్చి గాలి పీల్చాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. తల్లి ఒక్క బిడ్డను ఏడాదిపాటు మోసి కంటుంది, మళ్ళీ కనడానికి కొన్నేళ్ళు పడుతుంది. అందుచేత పోయిన ఒక్కదాని లోటు కూడా త్వరగా తీరదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో పెట్టింది. చంపితే మూడు నుండి ఏడేళ్ళ జైలు. చట్టం శిక్ష చెబుతుంది గాని వల ఖరీదు చెప్పదు.

మహారాష్ట్రవారు 2018లో ఒక మంచిపని చేశారు. చిక్కిన డాల్ఫినునో తాబేలునో వల కోసి వదిలిన బెస్తవారికి ఇరవైఅయిదు వేల రూపాయల వరకు నష్టపరిహారం ఇచ్చే పద్ధతి పెట్టారు. దయకు బడ్జెట్టు ఉండాలని ఆ గుమాస్తాలకు తెలిసినట్టుంది.

మన సంఘాలు ఏటా ఎన్నో తీర్మానాలు చేస్తాయి. తీరమంతటా ప్రతి రేవులోనూ కోసిన వలకు ఖరీదు కట్టి ఇవ్వాలని ఈసారి ఒకటి చేద్దాం. నడిసముద్రంలో కత్తి తీసి తన వలను తానే కోసుకునే మనిషి, ఇంటికొచ్చి భార్యకు సంజాయిషీ చెప్పుకోవలసిన అవస్థ ఉండకూడదు.