పాలగిన్నె చెప్పిన గుట్టు

వీధి మలుపులో స్కూటరు చప్పుడు వినబడగానే అమ్మ పొయ్యి మీద పాలు పెట్టేస్తుంది. నాన్న చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని కుర్చీలో కూర్చునేసరికి చేతిలో కాఫీ రెడీ! ఒక్కోసారి ఆ స్కూటరు పక్కింటాయనది అవుతుంది. అమ్మ నవ్వుకుంటూ పొయ్యి ఆర్పేస్తుంది.

కంప్యూటర్లోని ప్రాసెసరూ సరిగ్గా ఇదే పని చేస్తుందని నాకు 2018 జనవరిలో తెలిసింది. తర్వాత ఏం చేయాల్సి వస్తుందో ముందే ఊహించి, చేసి పెట్టేసుకుంటుంది. ఊహ నిజమైతే సమయం కలిసొస్తుంది. తప్పైతే చేసింది చెరిపేస్తుంది.

కానీ పొయ్యి ఆర్పినా గిన్నె వెచ్చగానే ఉంటుందిగా! తాకి చూసినవాళ్లకి ఇందాక ఏం జరిగిందో తెలిసిపోతుంది. ప్రాసెసర్లోనూ అంతే. చెరిపేసిన పని ఆనవాళ్లు క్యాష్ మెమరీలో మిగిలిపోతాయి. ఏ సమాచారం ఎంత త్వరగా అందుతోందో కొలిచి చూసి, తాను చూడకూడని పాస్‌వర్డులను కూడా ఓ దొంగ ప్రోగ్రాము కొద్దికొద్దిగా కూడగట్టుకోగలదు.

ఈ లోపాలకే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని పేర్లు. గూగుల్ ప్రాజెక్ట్ జీరోకి చెందిన యాన్ హార్న్ 2017లో వీటిని పసిగట్టారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులూ, మరికొందరూ ఎవరికి వారుగా కనిపెట్టారు. 2018 జనవరి 3న విషయం లోకానికి తెలిసింది. మెల్ట్‌డౌన్ ముప్పు ప్రధానంగా ఇంటెల్ చిప్‌లకైతే, స్పెక్టర్ ఏఎండీ, ఆర్మ్ చిప్‌లనూ వదల్లేదు.

కోట్ల చిప్‌లను వెనక్కి తెప్పించి మార్చడం అయ్యే పనా? అందుకే భారమంతా ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మీద పడింది. అంతవరకూ ప్రతి ప్రోగ్రాముకీ ఇచ్చే మెమరీ పటంలో కెర్నెల్ గదులు కూడా ఉండేవి... తాళం వేసి! మెల్ట్‌డౌన్‌కి ఆ తాళం ఒక లెక్క కాదు. దాంతో నిపుణులు ఆ గదులను దాదాపుగా పటంలోంచే తీసేశారు. గ్రాజ్ బృందం వేరే అవసరం కోసం 2017లో రూపొందించిన కైజర్ పద్ధతి ఇందుకు దారి చూపింది. లినక్స్‌లో దాని పేరు కేపీటీఐ. చిక్కల్లా ఒకటే... ప్రోగ్రాము కెర్నెల్ సాయం అడిగినప్పుడల్లా పటం మార్చుకోవాలి. ఆ మేరకు వేగం తగ్గుతుంది. పాత యంత్రాల్లో అది మరికాస్త ఎక్కువ.

'వెంటనే అప్‌డేట్ చేసుకోండి' అని పాఠకుల కోసం రాస్తున్నప్పుడు నా చెయ్యి ఠక్కున ఆగిపోయింది. మా ఇంట్లో కంప్యూటరుకి అప్‌డేట్లు ఆపేసింది నేనే! ''ఇది నాకంటే ముందే ముసలిదైపోయిందే అమ్మాయ్'' అని నాన్న విసుక్కుంటుంటే, ఏడాది క్రితం గడుసుగా ఆ పని చేశాను. ఆయన పింఛను ఖాతా చూసుకునేది అందులోనే. తాళాలు బాగుచేసేవాణ్ని గుమ్మంలోనే ఆపి పంపేశానన్నమాట!

ఆ రాత్రి అన్నాల దగ్గర నిజం చెప్పేశాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. ''నన్ను అడిగి ఆపాల్సింది కదమ్మా'' అన్నారంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. అర్ధరాత్రి దాకా కూర్చుని అప్‌డేట్లన్నీ ఎక్కించాను. మర్నాడు కంప్యూటరు తెరుచుకోవడానికి ఇంకాస్త ఎక్కువ సేపు పట్టింది. కారణం పాలగిన్నె కథలాగే చెప్పాను. అమ్మకి నాన్నకంటే ముందే అర్థమైంది!

చిప్‌లలో ఇలాంటి లోపాలు ఆ తర్వాతా బయటపడుతూనే ఉన్నాయి. ప్యాచ్‌లూ వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు తెర మీద అప్‌డేట్ కబురు కనిపిస్తే నాన్న 'తర్వాత' అన్న బటన్ జోలికి పోరు. ''ఇవాళ దీనికి తలంటు. గంటదాకా ఎవరూ ముట్టుకోకండి'' అని ప్రకటించి, పేపరు పట్టుకుని వరండాలో కూర్చుంటారు.