నిలువు గీత

అంకెలంటే మా రూమ్మేటుకి ఒళ్ళుమంట. ఎమ్మెస్సీ మానేసి ఊరెళ్ళిపోతానని పెట్టె సర్దాడు. ఆ రాత్రి వాణ్ణి లాబ్‌కి లాక్కెళ్ళాను.

ఆర్‌బాక్స్ అనే ప్రోగ్రాము గోళం మీద 100 బిందువులు చల్లుతుంది. చూడబోతే వట్టి దశాంశాలే! పక్కన ఒక నిలువు గీత పెడితే అవి నేరుగా క్యూహల్‌లోకి పోతాయి. అది వాటిపై త్రిభుజాల తొడుగు అల్లుతుంది. ఇంకో గీత పెడితే, జియామ్‌వ్యూలో బొమ్మ! తోట గొట్టాల్లా ప్రోగ్రాములు బిగించాలని మెక్‌ఇల్‌రాయ్ 1964లోనే రాశాడట. 1973లో థాంప్సన్ యునిక్స్‌లో బిగించాడు.

మావాడు మౌస్‌తో గోళం తిప్పాడు.

"త్రిభుజాలెన్నిరా?"

"ఆయిలర్‌ని అడుగు."

కాగితం తీశాడు. బిందువుల రెట్టింపులో నాలుగు తీస్తే 196. క్యూహల్ లెక్కా అంతే. తెల్లారేదాకా నన్ను కుర్చీ దగ్గరికి రానిస్తేనా!