చవక విమానంలో హైదరాబాదుకు, మధుర మీదుగా ఇంటికి

మా పీలమేడులో విమానం చప్పుడుకు ఎవరూ తల ఎత్తి చూడరు. విమానాశ్రయం మా పక్కనే, అవినాశి రోడ్డు మీద వున్నది. రోజూ నెత్తి మీదుగా పోయే ఆ వాహనంలో గుమాస్తా కుటుంబం కూడా ఎక్కవచ్చునన్న ఆలోచన మాత్రం ఇరవై యేళ్ళ క్రిందటనే పుట్టింది. కర్ణాటకలో హాసన్ జిల్లా గోరూరువారైన కెప్టెన్ గోపీనాథ్ గారు సైన్యం నుంచి వచ్చి, వ్యవసాయం చేసి, 2003లో ఎయిర్ దక్కన్ నడిపించారు. ఒక్క రూపాయి టిక్కెట్టు అని ఆ రోజులలో యెంత సంచలనమో పాఠకులకు జ్ఞాపకముండే వుంటుంది. 2020లో సుధ కొంగర గారు ఆ కథను ఆధారం చేసుకొని సినిమా తీస్తూ కథానాయకుణ్ణి మన మధుర దగ్గరి చోళవందాన్ వాడిని చేశారు. ఆ కంపెనీ తరువాత కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది, 2012లో కింగ్‌ఫిషర్ కూడా ఆగిపోయింది. మార్గం మాత్రం నిలిచింది.

చవకగా మనుషులను చేరవేయడం మన కోయంబత్తూరు తెలుగువారికి కొత్త విద్య కాదు. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి-పళని మధ్య ఆరంభించి, తరువాత దానినే పెద్ద బస్సు సర్వీసుగా పెంచారు. అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరిచిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. బండి ఖాళీగా నిలబడితే నష్టం, నిండుగా తిరుగుతూ వుంటే టిక్కెట్టు తగ్గించినా లాభం. బస్సుకైనా విమానానికైనా లెక్క ఇదే. చవక విమానం దిగిన అరగంటకే మళ్ళీ ఎగరాలి. కుర్చీలు దగ్గర దగ్గరగా వుంటాయి. కాఫీ కావాలంటే డబ్బివ్వాలి. ఇందులో మాకు తప్పేమీ కనబడలేదు. రెండు గంటలలోపు ప్రయాణానికి ఇంట్లో ఇడ్లీ తిని ఎక్కితే చాలును.

మాకు తప్పుగా తోచిన సంగతి వేరే వున్నది. సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగికి ఇచ్చిన మా పిన్నికి నిరుడు హఠాత్తుగా జబ్బు చేసింది. ఆనాటి విమానానికి మనిషికి పదకొండు వేలు అన్నారు. మా అమ్మనూ మమ్మల్నీ కలిపితే ఒక నెల జీతంలో పెద్ద భాగం. రైలెక్కాము. పగలూ రాత్రీ ప్రయాణించి మేము చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమెకు డెబ్బయ్యారేళ్ళు.

ఈ యేడు సంవత్సరీకానికి తిథి ముందుగానే తెలుసు కనుక రెండు నెలల ముందే టిక్కెట్లు తీసుకున్నాము. అదే విమానం, అదే కుర్చీ, మనిషికి మూడు వేల రెండు వందలు! తారీఖు ముందుగా చెప్పగలిగినవారికే ఈ చవక. కార్యాలకు తారీఖు వుంటుంది, కబుర్లకు వుండదు.

తీసుకునేటప్పుడు కొన్ని చూసుకోవాలి. మొదట కనబడే ధర వేరు, చివరకు కట్టే ధర వేరు. కిటికీ సీటుకు ఒక రుసుము, డబ్బు కట్టినందుకు కూడా ఒక రుసుము. సీటు ఎంచుకోకపోతే వాళ్ళే ఏదో ఒకటి ఇస్తారు. పెట్టెకు పదిహేను కిలోలు, చేతిసంచికి ఏడు. అంతకు మించితే ముందుగా కొనుక్కోవడమే మేలు, కౌంటరు దగ్గర భారం. మా అమ్మ కట్టిన మావడు జాడీ చేతిసంచిలో పెట్టనివ్వరు గనుక గుడ్డ చుట్టి పెట్టెలో వేశాము. మోకాళ్ళ నొప్పులవారికి ముందే చెబితే చక్రాల కుర్చీ తెస్తారు. అమ్మ మొదట వద్దని, తరువాత హాయిగా కూర్చున్నది.

హైదరాబాదు సంగతి ఎక్కువ వ్రాయము, అందరికీ తెలిసినదే. శంషాబాదు నుంచి వూళ్ళోకి టాక్సీ కట్టించుకుంటే విమానంలో మిగిలినది అక్కడే పోతుంది, బస్సు వున్నది. డ్రైవరుతో అమ్మ "సీక్రం పో నాయనా" అంటే, "ఏ వూరమ్మా మీది?" అని నవ్వాడు. నాలుగు వందల యేళ్ళుగా దాచుకున్న తెలుగుకు ఆ నవ్వు కొంచెం గుచ్చుకున్నది కాని, దారి పొడుగునా అంగళ్ళ మీద తెలుగు అక్షరాలు చూసి అమ్మ పిల్లలాగా కూడబలుక్కుంటూ వచ్చింది. పిన్ని పటం ముందు ఆమె చాలాసేపు కూర్చున్నది. మేము పిలవలేదు.

తిరుగు ప్రయాణానికి కోయంబత్తూరు టిక్కెట్టు అయిదు వేలు దాటింది, మధురకు రెండు వేల తొమ్మిది వందలు. మేనమామ మధురలో వున్నారు, ఒక రాత్రి వుండవచ్చు. విమానాశ్రయం వూరికి దక్షిణంగా పన్నెండు కిలోమీటర్లు. మామ ఇల్లు తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలుకు నాలుగు సందుల అవతల. తెలుగు వచనం వ్రాసిన విజయరంగ చొక్కనాథుడు ఏలిన వూళ్ళో ఇప్పుడు మన ఇళ్ళలో తెలుగు నోటికి వున్నది, చేతికి లేదు. మామ కూడా ఈ పత్రికను ఎవరిచేతనైనా చదివించుకొని వింటారు. తమిళ లిపి తప్ప ఆయనకు రాదు. మా అక్షరాలు ఆయన చెవికి చేరతాయి గనుక ఇక్కడనే నమస్కారం చెప్పుకుంటున్నాము.

మరునాడు రైలుకు ముందు స్టేషను ఎదుట మంగమ్మ సత్రం చూపించాము. ఆ చొక్కనాథునికి నాయనమ్మ అయిన రాణీ మంగమ్మ 1689 నుంచి పిల్లవాడి తరపున రాజ్యం చేసి బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. ఆమె వేసవి విడిది తముక్కం భవనంలో 1959 నుంచి గాంధీ మ్యూజియం వున్నది. సత్రం గోడ నీడలో నిలబడి అమ్మ అడిగింది: "ఇక్కడకు ఎప్పుడు వస్తావని ముందే చెప్పాలా?" అక్కర లేదన్నాము. బాటసారి వచ్చిన రోజే తారీఖు. విమాన కంపెనీని సత్రం చేయమని మేము అనము, వారికీ వ్యాపారమే. కాని చావు కబురు వచ్చినవారికి ఒక వరుస కుర్చీలు మామూలు ధరకు వుంచడం వారికి పెద్ద నష్టమా? మన సంఘాలవారు ఈ మాట పై అధికారులకు వ్రాస్తే బాగుంటుంది.

రైలు దిండిగల్లు, పళని, ఉడుమలపేట, పొల్లాచి మీదుగా వచ్చింది. ముగ్గురికీ కలిపి మూడు వందలకు లోపే. పళని కొండ కనబడగానే అమ్మ చేతులు జోడించి, తమ నాయన చిన్నప్పుడు నాయుడుగారి బస్సులో ఇక్కడికే వచ్చారని చెప్పింది. పొల్లాచి దాటిన తరువాత మా ఇంటావిడ ఖర్చు కాగితం తీసి కూడింది. టాక్సీలు ఎక్కలేదు గనుక ఖర్చు కొంత తగ్గింది, పైగా రెండు రోజుల సెలవు మిగిలింది. వచ్చే యేటి తిథి పంచాంగం రాగానే చూసి చెప్పమని అమ్మ ఇప్పటినుంచే అడుగుతున్నది.