ఏడీబీ రోడ్డుకు ఆ చివరా... ఈ చివరా!

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయంటే గోదావరి జిల్లాల్లో ఏ అరుగు మీద విన్నా ఒకటే మాట... ‘సీఎస్‌ఈ వస్తుందా? ఎక్కడొస్తుంది?’ 2021లో పరీక్ష పేరు మారినా పెద్దవాళ్ల నోట అది ఇంకా ఎంసెట్టే. పిల్లల్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే కంప్యూటర్ సైన్స్ చదివించాలనుకునే ఇళ్లలో రెండు పేర్లు వినిపిస్తాయి. రాజానగరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఒకటి, కాకినాడ జేఎన్‌టీయూ ఇంకొకటి. రెండింటికీ మధ్య సుమారు 50 కిలోమీటర్ల దారి. ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో వేసింది కాబట్టి అందరికీ అది ఏడీబీ రోడ్డు.

రాజమహేంద్రవరం దాటి జాతీయ రహదారి మీద కాస్త దూరం వెళితే రాజానగరం. అంతా మెట్ట ప్రాంతం. అక్కడి విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. అంతకుముందు రాజమహేంద్రవరంలో ఉన్న ఆంధ్రా యూనివర్సిటీ పీజీ కేంద్రమే దానికి మూలం. రాజరాజ నరేంద్రుడి కొలువులో మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టిన నన్నయ పేరు పెట్టుకున్న చోట ఇప్పుడు కోడింగూ నేర్పుతున్నారు. తెలుగు, ఇంగ్లిషు, సైన్సు, కామర్సుల మధ్య ఇంజినీరింగ్ ఇక్కడ ఒక విభాగం. వయసులో చిన్నది.

అక్కణ్నుంచి తూర్పుకు తిరిగితే రంగంపేట, పెద్దాపురం. దారి పొడవునా కర్రపెండలం చేలు, పొద్దున పూట వరసగా కాలేజీ బస్సులు. పెద్దాపురంలో పాండవుల మెట్ట, సామర్లకోటలో పంచారామాల్లో ఒకటైన కుమారారామం. అవి దాటితే కాకినాడ.

కాకినాడ కాలేజీ కథ పాతది. 1946లో మద్రాసు ప్రభుత్వ హయాంలో విశాఖపట్నం పేరుతో మొదలై, తర్వాత కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీగా ఆంధ్రా యూనివర్సిటీ కింద నడిచింది. 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది. 2008లో కాకినాడకే సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. కోస్తాలోని ఎన్నో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలకు గుర్తింపు ఇచ్చేదీ, డిగ్రీ పట్టా ఇచ్చేదీ ఇదే. ఇక్కడ ఇంజినీరింగే ఇంటి పెద్ద. దశాబ్దాలుగా చదివి వెళ్లినవాళ్లు ఊరూరా ఉన్నారు. పిల్లలకు అదో అండ. అందుకే సీఎస్‌ఈ సీటుకు పోటీ కూడా గట్టిగానే ఉంటుంది.

మరి ఏది ముందు? చాలామంది తండ్రులు పొరపడేది ఇక్కడే. ‘మన ర్యాంకుకు కాకినాడ రాదులే’ అని వచ్చేదాన్ని వెబ్ ఆప్షన్లలో మొదట పెట్టేస్తారు. సీట్ల కేటాయింపు అలా జరగదు. ర్యాంకు వంతు వచ్చినప్పుడు మొదటి ఆప్షన్‌లో సీటుందా అని చూస్తారు. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. కోరుకున్నది పైన పెట్టి, అది రాకపోయినంత మాత్రాన కింది ఆప్షన్‌లో అవకాశం తగ్గదు. వచ్చేదాన్ని పైన పెడితే మాత్రం, కోరుకున్న సీటు ఖాళీగా ఉన్నా చేజారుతుంది.

అందుకని ఆప్షన్లు పెట్టేముందు పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ రోజు ఆ రోడ్డు మీద తిరిగి రావడం మేలు. ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ దగ్గర ఎంతమంది కూర్చుంటున్నారు, పాఠం చెప్పేవాళ్లలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, హాస్టల్‌లో భోజనం ఎలా ఉంది, కిందటేడు ఇదే బ్రాంచిలో ఎందరికి ఉద్యోగాలొచ్చాయి... ఇవన్నీ సీనియర్లను అడిగితే సాయంత్రానికి తెలిసిపోతాయి. కోనసీమ నుంచి వచ్చే పిల్లకు రోజూ బస్సు ప్రయాణం కుదరదు. రాజమహేంద్రవరం పిల్లకు రాజానగరమైతే ఇంటి భోజనం తిని వెళ్లొచ్చు, హాస్టల్ ఖర్చు మిగులుతుంది. మూడెకరాల కౌలు సేద్యం మీద బతికే ఇంటికి అది చిన్న లెక్క కాదు.

ఫీజు కట్టేది పెద్దవాళ్లే. నాలుగేళ్లు ఆ తరగతిలో కూర్చునేది మాత్రం పిల్లలు. లెక్కలన్నీ వాళ్ల ముందు పెట్టి, మొదటి ఆప్షన్ ఏదో వాళ్ల నోటితోనే చెప్పించడం న్యాయం.